అమ్మకి ఎక్కిస్తున్నది యుద్ధంలో వాడిన విషవాయువేనా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది హిందూపురం. ఉద్యోగరీత్యా బెంగళూరులో మహదేవపురలో ఉంటున్నాం. మా అమ్మకి 58 ఏళ్లు. మెడ దగ్గర గడ్డలు వస్తే బయాప్సీ చేసి లింఫోమా అన్నారు. డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ అని రిపోర్టులో ఉంది. ఇక్కడే ఆస్పత్రిలో ఆర్-చాప్ అనే కీమో మొదలుపెట్టారు, 21 రోజులకోసారి, మొత్తం 6 సార్లు. మొదటిది అయింది, వచ్చే గురువారం రెండోది. ఈలోగా మా బావగారు ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టారు. కీమో అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన మస్టర్డ్ గ్యాసేనట. ఒళ్లంతా బొబ్బలెక్కి, కళ్లు పోయి, ఊపిరితిత్తులు కాలిపోతాయట. అమ్మ అది మొత్తం చూసింది. "నాకా గ్యాసు వద్దు, ఊరికి పోతా" అంటోంది. పిన్ని ఫోన్ చేసి ఇంట్లో ఆవాలు, ఆవకాయ కూడా ఆపేయమంది. ఇంకో టెన్షన్ ఏంటంటే, నా భార్యకి ఇప్పుడు 5వ నెల. తను అమ్మ దగ్గర మసలొచ్చా? ఆ వీడియోలో ఎంత నిజం ఉంది? మస్టర్డ్ గ్యాస్ నిజంగా ఒంటికి ఏం చేస్తుంది? అవన్నీ అమ్మకి వస్తాయా?

సమాధానం: ముందు గురువారం సంగతి. అమ్మగారిని రెండో సైకిల్‌కి, అంటే రెండో విడత కీమోకి తీసుకెళ్లండి, మిగతావి ఏవైనా దాని తర్వాతే. లింఫోమా అంటే తెల్ల కణాల్లో పుట్టే క్యాన్సర్, మీరు రాసిన రకం వేగంగా పెరుగుతుంది. మందు పడకపోతే నెలల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. అయితే కీమోకి బాగా లొంగే జబ్బుల్లో అదీ ఒకటి. ఆర్-చాప్ తీసుకున్నవాళ్లలో పదిమందికి దాదాపు ఆరుగురికి జబ్బు పూర్తిగా నయమవుతోంది. మధ్యలో ఆపేసి ఊరికి పోవడమంటే ఆ అవకాశాన్ని చేతులారా వదులుకోవడమే. వాయిదా కూడా వద్దు. "పండగ అయ్యాక చూద్దాం" అని వెళ్లి, గడ్డలు రెట్టింపయ్యాక తిరిగి వచ్చిన కుటుంబాలను అనంతపురం, చిత్తూరు వైపు నుంచి నేను చాలాసార్లు చూశాను.

ఇక వీడియో. అందులో చెప్పిన చరిత్ర చాలావరకు నిజమే, దాన్నుంచి తేల్చిన మాట మాత్రం తప్పు. ఆర్-చాప్‌లో ఐదు మందులుంటాయి: రిటుక్సిమాబ్, సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసొలోన్. వీటిలో నాలుగింటికి మస్టర్డ్ గ్యాస్‌తో ఏ సంబంధమూ లేదు. విన్‌క్రిస్టిన్ అయితే మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి వచ్చింది. చుట్టరికం ఉన్నది సైక్లోఫాస్ఫమైడ్ ఒక్కదానికే, అదీ కాస్త దూరపు చుట్టరికం. అది ఎంత దూరమో తెలియాలంటే అసలు గ్యాస్ ఏం చేస్తుందో వివరంగా చెప్పుకోవాలి. మీరు అడిగారు కూడా కాబట్టి దాచకుండా చెబుతాను.

దాని అసలు పేరు సల్ఫర్ మస్టర్డ్. పేరుకి గ్యాసే కానీ మామూలు వేడిలో అది నూనెలాంటి ద్రవం. 14 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అంటే బెంగళూరులో బాగా చలిపెట్టే తెల్లవారుజామున సీసాలోనే పేరుకుపోవచ్చు. మరగాలంటే 217 డిగ్రీలు కావాలి. నెమ్మదిగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలికన్నా ఐదు రెట్లకు పైగా బరువు కాబట్టి కందకాల్లో, గుంతల్లోకి దిగిపోయేది. నేల మీద పడ్డ ద్రవం చలికాలంలో రోజుల తరబడి అలాగే ఉండేది. 1917 జులైలో బెల్జియంలోని ఈప్ర్ పట్టణం దగ్గర జర్మన్ సైన్యం దాన్ని మొదటిసారి ప్రయోగించింది. అంతకు రెండేళ్ల ముందు అదే ప్రాంతంలో వదిలిన క్లోరిన్ అయితే పీల్చగానే ఉక్కిరిబిక్కిరి చేసేది, సైనికుడికి వెంటనే తెలిసిపోయేది. దీంతో అలా తెలిసేది కాదు. వెల్లుల్లి వాసనో ఆవాల వాసనో లీలగా వచ్చేది, కొన్ని తుమ్ములు, అంతే. పెద్దగా ఏం కాలేదనుకుని చాలామంది నిద్రపోయారు. తెల్లారేసరికి కళ్లు తెరవలేకపోయారు.

ఒంటికి తగిలిన కొద్ది నిమిషాల్లోనే అది లోపలికి ఇంకి, కణాలకు చేయాల్సిన చెడు చేసేస్తుంది. నొప్పి, ఎరుపు బయటపడటానికి మాత్రం 2 నుంచి 24 గంటలు పడుతుంది, ఎక్కువమందిలో 4 నుంచి 8 గంటలు. దీనికి విరుగుడు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. తగిలిన ఒకటి రెండు నిమిషాల్లో బట్టలు తీసేసి కడిగేస్తేనే పూర్తి ఫలితం. ఆలస్యమైనా కడగాల్సిందే. లేకపోతే ఒంటి మీద మిగిలింది ఇంకా లోపలికి పోతుంది, బట్టల్లోంచి లేచే ఆవిరి చికిత్స చేసేవాళ్లకీ తగులుతుంది.

అన్నింటికన్నా ముందు దెబ్బ తినేది కళ్లు. చర్మానికి ఏమీ కానంత తక్కువ మోతాదుకే కళ్లు ఎర్రబడి, ఇసుక పడ్డట్టు గరగరలాడతాయి. నీళ్లు కారతాయి, వెలుతురు చూడలేక రెప్పలు బిగుసుకుపోతాయి. కళ్లకు గుడ్డలు కట్టుకుని, ముందున్నవాడి భుజం పట్టుకుని నడిచే సైనికుల బొమ్మలు చూసి వాళ్లందరికీ చూపు శాశ్వతంగా పోయిందనుకుంటాం. మస్టర్డ్ తగిలినవాళ్లలో ఎక్కువమందికి కొన్ని వారాల్లోనే చూపు తిరిగి వచ్చింది. తీవ్రంగా తగిలిన కొద్దిమందికి మాత్రం 15, 20 ఏళ్లు మామూలుగా గడిచాక కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శక పొర, మళ్లీ పుళ్లుపడి చూపు మసకబారుతుంది. అన్నేళ్ల తర్వాత ఎందుకు తిరగబెడుతుందన్నది కంటి డాక్టర్లకు ఇప్పటికీ చర్చే.

చర్మం మీద మొదట ఎండకు కమిలినట్టు ఎరుపు, దురద, మంట. తర్వాత చిన్న పొక్కులు లేచి, అవి కలిసిపోయి పసుపు రంగు నీటితో వేలాడే పెద్ద బొబ్బలవుతాయి. చంకలు, గజ్జలు, మెడ, మర్మావయవాల లాంటి చెమట పట్టే పల్చని చర్మం ఎక్కువ దెబ్బతింటుంది. వేడి, ఉక్క ఉన్న వాతావరణంలో ఇంకా ఎక్కువ. బొబ్బలోని నీళ్లు అంటితే పక్కన కొత్త బొబ్బలు వస్తాయని సైన్యాల్లో కూడా భయపడేవారు కానీ, ఆ నీటిలో విషం ఉండదు. మానడం మాత్రం మామూలు కాలిన పుండు కన్నా చాలా నెమ్మది.

పీల్చినప్పుడు ముక్కు, గొంతు, శ్వాసనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. గొంతు బొంగురుపోతుంది, పొడిదగ్గు వదలదు. మోతాదు ఎక్కువైతే చచ్చిన పొర పీలికలుగా ఊడివచ్చి గాలి గొట్టాలకు అడ్డం పడుతుంది, దాని మీద న్యుమోనియా పట్టుకుంటుంది. ప్రాణాలు ఎక్కువగా పోయింది ఇలాగే. అయినా మొదటి ప్రపంచ యుద్ధంలో దీని బారిన పడినవాళ్లలో చనిపోయింది నూటికి ఇద్దరు ముగ్గురే, అదీ యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో. మిగతావాళ్లు వారాలు, నెలలు ఆస్పత్రి మంచాల మీద గడిపారు. సైన్యాలకు కావలసింది కూడా అదే: ఒక్కో రోగికి ఎదుటివాళ్ల డాక్టర్లు, నర్సులు, బండ్లు అన్నీ చిక్కుకుపోవడం.

బతికి బయటపడ్డవాళ్ల తర్వాతి జీవితం ఎలా ఉంటుందో ఇరాన్‌ను చూస్తే తెలుస్తుంది. 1980-88 యుద్ధంలో ఇరాక్ ఈ విషాన్ని విరివిగా వాడింది. 1987 జూన్ 28న సర్దష్త్ పట్టణంలో జనం మధ్యే ఆ బాంబులు వేసింది. ఆ రోజు పీల్చినవాళ్లలో చాలామందికి సన్నని శ్వాసనాళాలు మచ్చకట్టి మూసుకుపోయి, దశాబ్దాల తర్వాత కూడా దగ్గు, ఆయాసం పోలేదు. జపాన్‌లో ఒకునోషిమా దీవిలోని ఫ్యాక్టరీలో దీన్ని తయారుచేసిన కార్మికుల్లో తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. మనవాళ్లూ దీని నుంచి తప్పించుకోలేదు. బ్రిటిష్ సైనిక శాస్త్రవేత్తలు 1930ల నుంచి పదేళ్లకు పైగా రావల్పిండిలో భారత సిపాయిల మీద ఈ గ్యాస్‌ను పరీక్షించారు, మన చర్మం మీద అది ఎలా పనిచేస్తుందో చూడటానికి. కొందరు తీవ్రంగా కాలి ఆస్పత్రి పాలయ్యారు.  వీడియోలు ఫార్వర్డ్ చేయడానికి అంత ఓపిక ఉన్నవాళ్లు ఇలాంటి చరిత్రను పంపొచ్చు కదా అనిపిస్తుంది నాకు.

మీ అమ్మగారి విషయానికి పనికొచ్చే భాగం ఇప్పుడు మొదలవుతుంది. బొబ్బలు, కళ్లు బయటికి కనిపించేవి. ఎక్కువ మోతాదు ఒంట్లోకి పోయినవాళ్లలో కనపడకుండా ఇంకోటి జరిగేది. మూడు నుంచి ఐదు రోజులకు రక్తంలో తెల్ల కణాలు తగ్గడం మొదలై, రెండో వారంలో అట్టడుగుకి పడిపోయేవి. 1919లోనే ఎడ్వర్డ్ క్రంభార్, హెలెన్ క్రంభార్ అనే అమెరికన్లు ఈ సంగతి రాశారు. చనిపోయినవాళ్లలో రక్త కణాలు తయారయ్యే ఎముక మజ్జ ఖాళీ అయిపోయి కనిపించిందని కూడా రాశారు. రాసింది రాసినట్టే ఉండిపోయింది, ఇరవై ఏళ్లకు పైగా దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

మజ్జే ఎందుకు? కణంలోని డీఎన్ఏ రెండు పాయలు మెలితిరిగిన జడలా ఉంటుంది. కణం రెండుగా విడిపోవాలంటే ముందు ఆ పాయలు విడివడాలి. మస్టర్డ్ అణువుకి పట్టుకునే కొసలు రెండున్నాయి. ఒకటి ఈ పాయకి, రెండోది ఆ పాయకి తగులుకుని రెంటినీ కలిపి బిగించేస్తుంది. ఇక ఆ కణం విడిపోలేక చచ్చిపోతుంది. కాబట్టి ఎప్పుడూ పెరుగుతూ, విడిపోతూ ఉండే కణాలకే ఎక్కువ నష్టం: ఎముక మజ్జ, పేగుల లోపలి పొర, జుట్టు కుదుళ్లు, చర్మం అడుగు వరస. లింఫోమా కణాలు కూడా అలాంటివే, పైగా అవి తెల్ల కణాల జాతివే.

తెల్ల కణాలను పడగొట్టే ఈ విషం లింఫోమా మీద కూడా పనిచేయొచ్చని లెక్క వేసింది అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న లూయిస్ గుడ్‌మన్, ఆల్ఫ్రెడ్ గిల్మన్. వాళ్లకి యుద్ధ కాలంలో అప్పజెప్పింది విషవాయువుల మీద పరిశోధన. సల్ఫర్ స్థానంలో నైట్రోజన్ ఉన్న నైట్రోజన్ మస్టర్డ్‌ని, లింఫోమా ఉన్న ఎలుకలకు ఇచ్చి చూస్తే గడ్డలు కరిగాయి. 1942 ఆగస్టులో ఒక రోగికి ఇచ్చారు. వైద్య చరిత్రలో ఆయన పేరు జె.డి. అనే రెండక్షరాలే. మెడ, దవడ నిండా గడ్డలు, మింగలేడు, రేడియేషన్ పనిచేయడం మానేసింది. యుద్ధ రహస్యం కాబట్టి కేసు షీట్‌లో మందు పేరు బదులు ఎక్స్ అని రాశారు. కొద్ది రోజుల్లోనే గడ్డలు మెత్తబడి తగ్గాయి, ఆయన మళ్లీ మింగగలిగాడు. తెల్ల కణాలు కూడా దారుణంగా పడిపోయాయి. గడ్డలు తిరిగి వచ్చాయి, అదే ఏడాది డిసెంబరులో చనిపోయాడు. ఓడిపోయిన కేసే. కానీ మందుతో క్యాన్సర్ గడ్డ కరుగుతుందని అప్పటిదాకా నమ్మినవాళ్లు చాలా తక్కువ. రహస్యం తొలగి ఈ సంగతి 1946లో ప్రచురించారు.

మీ వీడియోలో బారీ రేవు కథ కూడా ఉండే ఉంటుంది. 1943 డిసెంబరు 2న ఇటలీలోని ఆ రేవు మీద జర్మన్ విమానాలు దాడి చేశాయి. జాన్ హార్వీ అనే అమెరికన్ ఓడలో రహస్యంగా తెచ్చిన 2000 మస్టర్డ్ బాంబులున్నాయి. అవి పగిలి, విషం నీటి మీద తేలే నూనెలో కలిసింది. అందులో ఈదుకుంటూ వచ్చిన నావికులను, లోపల ఏముందో తెలియని ఆస్పత్రి సిబ్బంది తడి బట్టలతోనే దుప్పట్లు చుట్టి పడుకోబెట్టారు. పాపం, చలికి వణుకుతున్నారని చేసిన పని. విషం రాత్రంతా ఒంటికి పట్టింది. 600 మందికి పైగా దాని బారిన పడ్డారు, 80 మందికి పైగా చనిపోయారు. స్టూవర్ట్ అలెగ్జాండర్ అనే సైనిక వైద్యుడు వచ్చి ఇది మస్టర్డేనని తేల్చాడు, తెల్ల కణాలు పడిపోవడాన్ని నమోదు చేశాడు. కీమో బారీలోనే పుట్టిందని చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ యేల్‌లో మొదటి రోగికి మందు ఎక్కించింది అంతకు ఏడాదికి పైగా ముందే.

ఆ నైట్రోజన్ మస్టర్డ్ మోటు మందు. నరం పక్కకు కారితే చర్మం పుండుపడేది. దాన్ని మెత్తబరచాలని చాలామంది ప్రయత్నించారు. 1950లలో జర్మనీలో తయారైన సైక్లోఫాస్ఫమైడ్ కిటుకు ఏమిటంటే, సెలైన్‌లో ఎక్కించేటప్పుడు అది ఏ పనీ చేయని పదార్థం. కాలేయంలోకి పోయి అక్కడి ఎంజైముల చేతిలో పడ్డాకే మందుగా మారుతుంది. పైగా మజ్జలోని మూలకణాలకు ఆ మారిన మందును విరిచేసే ఎంజైము ఎక్కువగా ఉంటుంది, అందుకే కణాలు పడిపోయినా మూడు వారాల్లో మళ్లీ పుంజుకుంటాయి. 21 రోజుల ఎడం పెట్టడంలో ఒక లెక్క ఇదే. డీఎన్ఏ పాయలను బిగించే గుణం మాత్రం పాత చుట్టానిదే. అది లేకపోతే మందూ లేదు.

కాబట్టి అమ్మగారికి ఒళ్లంతా బొబ్బలెక్కడం, కళ్లు పోవడం, ఊపిరితిత్తులు కాలడం జరగవు. అవి ఆ ద్రవమో ఆవిరో నేరుగా తగిలితే వచ్చేవి. అమ్మగారు దేన్నీ పీల్చడం లేదు, ఆమె ఒంట్లోంచి ఏ ఆవిరీ రాదు. ఒక్క జాగ్రత్త ఉంది, అదీ వేరే మందుల వల్ల. డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్ నరం బయటికి కారితే ఆ చోట చర్మాన్ని పాడుచేస్తాయి. ఎక్కించేటప్పుడు సూది దగ్గర మంట, నొప్పి, వాపు ఏది అనిపించినా ఓర్చుకోకుండా వెంటనే సిస్టర్‌ని పిలవమనండి. మన అమ్మలు ఓర్చుకోవడంలో దిట్టలు. ఇక్కడ అది పనికిరాదు. హిందూపురం మనిషి కాబట్టి కన్నడలోనే చెప్పేయగలరు, భాష అడ్డం కాదు.

వచ్చేవి ఏమిటంటే, ఇందాక చెప్పిన విడిపోయే కణాల జాబితానే. జుట్టు రాలుతుంది, ఇప్పటికే మొదలై ఉండొచ్చు, చికిత్స అయ్యాక తిరిగి వస్తుంది. వికారం, నోటిపూత, విన్‌క్రిస్టిన్ వల్ల మలబద్ధకం, వేళ్ల తిమ్మిర్లు. వీటికి మందులున్నాయి. నేను భయపడేది తెల్ల కణాల గురించి. ప్రతి సైకిల్ తర్వాత సుమారు 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య అవి బాగా తక్కువగా ఉంటాయి. మరుసటి రోజు పొట్టకో చేతికో ఇచ్చే ఇంజెక్షన్ రాసి ఉంటే అది వాటిని త్వరగా పెంచడానికే, మానకండి. ఆ రోజుల్లో జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు. ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ పెట్టుకోండి. 100.4 ఫారన్‌హీట్, అంటే 38 సెల్సియస్ తాకినా, చలితో వణికినా, రాత్రి రెండైనా సరే ఎమర్జెన్సీకి వెళ్లాలి. "డోలో వేసి పొద్దున చూద్దాం" అంటే జ్వరం అణిగిపోయి, లోపల ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది. యాంటీబయాటిక్ గంటలోపు నరంలోకి పోవాలంటే మహదేవపుర నుంచి మీ ఆస్పత్రి ఎంత దూరమో ఆలోచించండి. సాయంత్రం ఆరింటికి రింగ్ రోడ్డు మీద గంటన్నర పట్టేటట్టయితే, దగ్గరలోని ఏ ఆస్పత్రికి వెళ్లాలో మీ క్యాన్సర్ డాక్టరునే ముందుగా అడిగి పెట్టుకోండి. కీమో తీసుకుంటున్న రోగి అని గేటు దగ్గరే చెప్పాలి.

మందు ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. అది డాక్సోరూబిసిన్ రంగు, రక్తం కాదు. ఆ వీడియో చూశాక ఇది చూస్తే అమ్మగారు హడలిపోతారు, ముందే చెప్పండి. సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయం లోపలి పొరను మంటపెట్టగలదు. ఆర్-చాప్ మోతాదులో అది అరుదు. గుండె, కిడ్నీ సమస్యలు లేకపోతే రోజుకి రెండు మూడు లీటర్ల నీళ్లు తాగి, ఆపుకోకుండా వెళ్తే చాలు. రెండు రోజులు దాటాక కూడా ఎరుపు, మంట ఉంటే చెప్పాలి. ఇంకోటి, ఈ మందు కూడా క్యాన్సర్ కారకాల జాబితాలో ఉందని ఎవరో ఇంకో వీడియో పెడతారు. ఉంది. ఏళ్ల తర్వాత కొద్దిమందికి రక్త క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది. ఇప్పుడు నెలల్లో ప్రాణం తీసే జబ్బు ఎదురుగా పెట్టుకుని, ఆ చిన్న అవకాశానికి భయపడి మానడం లెక్కకు నిలవదు.

పిన్నిగారికి చెప్పండి, తాలింపులో ఆవాలకీ ఆ గ్యాస్‌కీ వాసనలో పోలిక తప్ప ఇంకేమీ లేదు. నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. ఆవకాయ సంగతి వేరే: నోరు పూసినప్పుడు కారం భరించలేరు, కణాలు తగ్గిన వారంలో అప్పుడే వండిన వేడి తిండే మేలు. మిగతా రోజుల్లో కొంచెం నాలిక్కి తగిలించుకుంటే ఏమీ కాదు. వికారంతో అన్నం సహించని మనిషికి ఆ ముద్ద దిగడమే ముఖ్యం.

అమ్మగారితో ఎలా మాట్లాడాలి? "అదంతా అబద్ధం" అనకండి. బావగారు మళ్లీ ఇంకో లింకు పంపితే మీ మాటకి విలువ ఉండదు. ఉన్నదున్నట్టు చెప్పండి: ఐదింట్లో ఒక మందు ఆ జాతిలోంచి వచ్చింది, ఎనభై ఏళ్లుగా దాన్ని మార్చి మార్చి మనిషికి పనికొచ్చేలా చేశారు, మెడలో గడ్డని కరిగించేది ఆ గుణమే అని. మొదటి సైకిల్‌కే మెడ గడ్డలు తగ్గి ఉంటాయి చాలామందికి. ఆమె చేత్తోనే తడిమి చూసుకోమనండి. నా మాట, మీ మాట కన్నా అది బాగా పనిచేస్తుంది. తగ్గకపోయి ఉంటే కంగారుపడకుండా గురువారం ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. బావగారితో గొడవ పెట్టుకోకండి, ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. అమ్మగారి ఫోన్లో ఆ గ్రూపుని కొన్నాళ్లు మ్యూట్ చేస్తే చాలు.

మీ భార్య విషయం. అమ్మగారి పక్కన కూర్చోవచ్చు, కలిసి తినొచ్చు, ముట్టుకోవచ్చు, ఒకే గదిలో పడుకోవచ్చు. మందు ఎక్కించిన తర్వాత 48 గంటల పాటు మాత్రం మూత్రం, మలం, వాంతిలో మందు కొంత బయటికి వస్తుంది. కొన్ని ఆస్పత్రులు 72 గంటలు అంటాయి, మీది ఏది చెబితే అది పాటించండి. ఆ రోజుల్లో వాంతి ఎత్తడం, బెడ్‌ప్యాన్ తీయడం, మాసిన దుప్పట్లు ఉతకడం మీ భార్య అస్సలు చేయకూడదు, గ్లవుజులు వేసుకుని అయినా సరే. గర్భంలో పెరిగే బిడ్డవి అన్నీ విడిపోయే కణాలే. ఆ పనులు మీరు చేయండి, లేదా మీ చెల్లెలో అక్కో వస్తే వాళ్లు చేస్తారు, వాళ్లు గర్భవతి కాకపోతే. డిస్పోజబుల్ గ్లవుజులు వేసుకోండి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. టాయిలెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయండి. రెండు బాత్‌రూములుంటే ఆ రెండు మూడు రోజులు ఒకటి అమ్మగారికి వదిలేయండి. తడిసిన బట్టలు విడిగా, మెషీన్‌లో రెండుసార్లు తిప్పండి. పనిమనిషికి కూడా ఈ సంగతి చెప్పాలి. ఆమెతో గ్లవుజులు లేకుండా ఆ బాత్‌రూమ్ కడిగించకండి.

రక్త కణాలు అనుకున్న సమయానికి పెరుగుతూ ఉంటే ఆరో సైకిల్ ఇంకో మూడు నెలల్లో, అంటే ప్రసవానికి కొన్ని వారాల ముందే అయిపోతుంది. పురుడు పుట్టింట్లో అయితే ఇబ్బందే లేదు. బెంగళూరులోనే అయితే, పసిబిడ్డను చూడటానికి వచ్చే జనంలో దగ్గు, జలుబు ఉన్నవాళ్లను అమ్మగారి దగ్గరికి పోనివ్వకండి, చివరి సైకిల్ తర్వాతి రక్త పరీక్ష మామూలుగా ఉందని డాక్టరు చెప్పేదాకా. ఫ్లూ టీకా మీ ఇద్దరూ ఇప్పుడే వేయించుకోండి, గర్భిణులకు కూడా అది వేస్తారు. అమ్మగారికి ఎప్పుడు వేయాలో గురువారం అడగండి.